పాత సైకిల్ బాగుచేసి రంగు వేసేటప్పుడు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

పాత సైకిల్ చేతికి రాగానే మనసు స్ప్రే డబ్బా మీదికే పోతుంది. చేతిలో ఉన్న కాస్త డబ్బూ వృథా అయ్యేది అక్కడే. రంగంతా వేశాక ఫ్రేము వంకరని తెలిస్తే ఇక చేసేదేమీ ఉండదు. అందుకే ముందు ఫ్రేము సంగతి తేల్చుకోండి, తర్వాత ఊడదీయండి, రంగు ఆఖర్న చూసుకోవచ్చు.

తొక్కుతుంటే సైకిల్ ఒక పక్కకే లాగుతోంది

ఫ్రేమో, ముందు ఫోర్కో వంగి ఉండొచ్చు. హ్యాండిల్ దిగే పొట్టి గొట్టానికి పెద్ద గొట్టాలు అతుక్కునే చోట, అడుగువైపు వేలితో తడమండి. రంగు సన్నగా ముడతపడినట్టు తగిలితే, ఆ సైకిల్ ఎప్పుడో దేన్నో గట్టిగా గుద్దుకుందన్నమాట.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. వెనక చక్రం తీసేసి, ఇరుసు కూర్చునే ఒక గాడికి దారం కట్టండి. దాన్ని ముందుకు లాగి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో గాడికి బిగుతుగా కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకి కంగారు పడక్కర్లేదు. ఎక్కువ ఉంటే మెకానిక్‌కి చూపించండి. అతుకు దగ్గర పగులు కనిపిస్తే ఆ ఫ్రేమ్‌ని వదిలేయడమే. ఫ్రేము బాగానే ఉంటే హ్యాండిల్ బేరింగ్ మరీ బిగుసుకుందేమో, చక్రం గాడిలో వంకరగా కూర్చుందేమో చూడండి.

సీటు రాదు, పెడల్ ఊడదు

సీటు గొట్టం లోపల తుప్పు పట్టి ఉంటుంది. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఉంటే ఇంకా మొండిగా పట్టేస్తుంది. బోల్టు పూర్తిగా వదులు చేసి, తుప్పులోకి దిగే పల్చటి నూనె పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు సీటును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. పైకి లాగొద్దు, ముందు మెలితిరగాలి. ‘టిక్’మని చిన్న చప్పుడు వచ్చిందంటే సగం గెలిచినట్టే.

పెడల్స్ దగ్గర చాలామంది పడే తిప్పలకి కారణం తుప్పు కాదు, మర. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. పానా పిడి పైకి ఉండేలా పెట్టి, సైకిల్ వెనకవైపుకి లాగండి. రెండు పెడల్సూ అలాగే ఊడతాయి. పెడల్ బిగించే కడ్డీ (క్రాంక్) ఇరుసుకి కాటర్ పిన్ అనే అడ్డమేకుతో బిగించి ఉంటే, నట్టు పూర్తిగా తీసేసి పిన్నుని కొట్టొద్దు, కొస నలిగి ఇక బయటికి రాదు. నట్టు అంచు పిన్ను కొసకి సమంగా వచ్చేదాకా వదులు చేసి, క్రాంక్ కింద గట్టి ఆధారం పెట్టి, ఒకే ఒక్క గట్టి దెబ్బ వేయండి.

కరకరమని చప్పుడు, చైన్ జారడం

బేరింగ్ గుండ్లు అరిగి ఉంటాయి. తీసేటప్పుడు లెక్కపెట్టి, ఫోటో తీసి పెట్టుకోండి. గుండ్లు దొర్లే కప్పు, కోను నున్నగా ఉంటే కడిగి, గుండ్లన్నీ ఒకేసారి కొత్తవి మార్చి గ్రీజు పెడితే చాలు. వాటికి పెద్దగా ఖర్చు కాదు. చైన్‌ని స్కేలుతో కొలవండి. పిన్ను నుంచి పిన్నుకి సరిగ్గా 12 అంగుళాలు రావాల్సిన చోట 1/8 అంగుళం ఎక్కువ వస్తే చైన్‌తో పాటు వెనక చక్రం పళ్ల చక్రం (ఫ్రీవీల్) కూడా అరిగిపోయి ఉంటుంది.

రిమ్ము మీది క్రోమ్‌కి పైపైన తుప్పు ఉంటే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని ఉండచేసి, నీళ్లలో ముంచి రుద్దండి. క్రోమ్ కన్నా మెత్తటిది కాబట్టి గీతలు పడవు. బ్రేక్ రబ్బరు తగిలే చోట మాత్రం ఎన్నడూ రంగు వేయకండి.

రంగు పెచ్చులుగా ఊడుతోంది

కింద జిడ్డు ఉండిపోయింది, లేదా సరిగ్గా రుద్దలేదు. పాత రంగంతా గీకాల్సిన పని లేదు, గట్టిగా అంటుకుని ఉన్నదాన్ని ఉంచేయండి. తుప్పు ఉన్న చోట 120 నంబరు ఉప్పు కాగితంతో మెరిసే లోహం దాకా రుద్ది, అంచులు 320తో చదును చేయండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి తడిపి రుద్దండి, ముక్కుకి మాస్కు పెట్టుకోండి.

సబ్బుతో కడిగాక ఫ్రేము మీద నీళ్లు పోసి చూడండి. నీళ్లు పలచటి పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. చుక్కలు చుక్కలుగా విడిపోతే మళ్లీ కడగాల్సిందే. ఆరాక ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. బయటపడ్డ లోహానికి అదే రోజు ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేయాలి, లేకపోతే మర్నాటికి కంటికి కనపడని తుప్పు మొదలవుతుంది.

కారింది, ముడతపడింది, తెల్లబడింది

కారితే డబ్బా మరీ దగ్గర పెట్టారనో, చెయ్యి ఒకే చోట ఆపారనో అర్థం. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం ఉంచి పలచగా మూడు నాలుగు పూతలు వేయండి. కారినదాన్ని తడిగా ఉన్నప్పుడు తుడవకండి, ఇంకా పాడవుతుంది. గట్టిపడ్డాక 400, తర్వాత 600 కాగితంతో తడిపి రుద్దండి.

ముడతపడటానికి రెండు కారణాలు: ప్రైమర్‌కీ రంగుకీ పడకపోవడం, లేదా రెండో పూత తప్పు సమయంలో వేయడం. డబ్బా మీద ‘గంట లోపు, లేదా 24 గంటల తర్వాత’ లాంటి మాట ఏదో ఉంటుంది, ఆ మధ్యలో వేస్తే కింది పొర ఉడికిపోయినట్టు లేస్తుంది. ముందు మడ్‌గార్డ్ లోపలివైపు వేసి చూసుకోండి.

ఇక తెల్లబడటం. వాన వెలిసిన ఒక సాయంత్రం ఆగలేక నల్ల రంగు వేశాను. పావుగంటలో బూడిద పూసినట్టయింది. గాలిలోని తేమ పని అది. పొడిగా ఉన్న రోజు తేలిగ్గా రుద్ది మరో పూత వేస్తే సరిపోయింది.

రెండు రంగుల మధ్య గీత చెదిరింది

టేపు అంచు కిందికి రంగు దూరింది. ముందు లేత రంగు వేసి బాగా ఆరనివ్వండి. టేపు అంటించాక, దాని అంచు మీద మళ్లీ ఆ లేత రంగే పలచగా కొట్టండి. దూరేది అదే దూరి సందులు మూసేస్తుంది. ముదురు రంగు వేశాక పూర్తిగా ఎండకముందే టేపుని వెనక్కి మడిచి మెల్లగా లాగండి. ఈ చిన్న ఉపాయం తెలియక నేను రెండు గొట్టాలకి మళ్లీ మొదటి నుంచి వేశాను.

బిగించేటప్పుడు ఏదీ ఎక్కడం లేదు

మరల్లోకి, బేరింగ్ కప్పులు కూర్చునే చోటికి రంగు పోయింది. నా మొదటి సైకిల్‌కి అన్నీ మూయకుండా కొట్టేసి, ఒక పూటంతా బ్లేడుతో గీక్కుంటూ కూర్చున్నాను. కాగితం చుట్టలు దూర్చి టేపు వేస్తే రెండు నిమిషాల పని. ఫ్రేము నంబరు మీద మందంగా వేయకండి, సైకిల్ పోతే గుర్తుపట్టేది దానితోనే.

నట్టు బిగించగానే రంగు నలిగిపోయింది

పైన ఆరినా లోపల మెత్తగానే ఉంది. ఎనామెల్ రంగు గట్టిపడటానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. క్రాంక్ గొట్టం అడుగున, ఎవరికీ కనపడని చోట బొటనవేలి గోరు నొక్కి చూడండి. గోటి అచ్చు పడితే పానా పక్కన పెట్టేసి ఇంకో నాలుగు రోజులు ఆగండి.