సైకిల్ డిస్క్ రోటర్ చవకగా మార్చుకున్నాను

అనంతగిరి ఘాట్ దిగుతుంటే ముందు బ్రేక్ లీవర్ వణికింది. ఇంటికొచ్చి వెర్నియర్‌తో కొలిస్తే రోటర్ (చక్రంతో పాటు తిరిగే, బ్రేక్ ప్యాడ్లు నొక్కి పట్టే స్టీలు పళ్లెం) మందం 1.4 మి.మీ.! షిమానో కంపెనీ రోటర్ కొత్తగా ఉన్నప్పుడు 1.8 ఉంటుంది, 1.5కి అరిగితే మార్చాల్సిందే. ఖరీదైన రోడ్ మోడళ్ల ధర చూసి టెన్షన్ పడ్డాను. నిజానికి అదే 160 మి.మీ. వ్యాసం, హబ్‌కి (చక్రం మధ్య భాగానికి) తగ్గ సెంటర్‌లాక్ (మధ్యలో ఒకే రింగుతో బిగించే రకం) ఉంటే చాలు.

ఒక్కటి మాత్రం తప్పక చూడండి. చవక రోటర్లలో కొన్నింటి మీద ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఉంటుంది, అంటే రెసిన్ బ్రేక్ ప్యాడ్లకే పనికొస్తుందని. నావి మెటల్ ప్యాడ్లు, అవి ఆ మెత్తటి స్టీలును త్వరగా తినేస్తాయి. అందుకే మౌంటెన్ బైకులకు వాడే షిమానో ఆర్‌టీ64 రోటర్ తీసుకున్నాను. రోటర్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్‌ని 40 న్యూటన్ మీటర్లకు బిగించి, ప్యాడ్లను ఉప్పుకాగితంతో రుద్ది, ఖాళీ రోడ్డు మీద 20 సార్లు బ్రేక్ వేసి ప్యాడ్లను కొత్త రోటర్‌కి అలవాటు చేశాను. వణుకు పోయింది.