ముడసర్లోవలో పిట్టల్ని చూడాలంటే ఎలా?

వైజాగ్‌లో పిట్టల్ని చూడ్డానికి అందరూ డిసెంబర్ అంటారు గానీ, నన్నడిగితే శివరాత్రి దాటాక ఉగాది లోపు వెళ్లడం బెటర్. చలికాలానికని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బాతులు కొన్ని ఇంకా ఉంటాయి, మన లోకల్ పిట్టలేమో గుడ్లు పెట్టే సీజన్‌కి రంగులు మార్చడం మొదలెడతాయి, పైగా నీళ్లు తగ్గి ఒడ్డున బురద తేలుతుంది కాబట్టి అందులో పురుగులు ఏరుకునే పొడుగుకాళ్లవి కూడా దిగుతాయి.

ముందు చోటు చూసుకోండి. ఆరిలోవ వైపు వాళ్లకి ముడసర్లోవ, ఎన్‌ఏడీ జంక్షన్ అవతలి వాళ్లకి మేఘాద్రి గెడ్డ. రెండూ సిటీకి మంచినీళ్లిచ్చే రిజర్వాయర్లే, సో వాచ్‌మన్ ఉంటే అడిగే వెళ్లండి, నీళ్లలోకి మాత్రం దిగొద్దు.

మార్చిలో ఆరింటికి అటూఇటూగా పొద్దు పొడుస్తుంది, అప్పటికే ఒడ్డున ఉండాలి, ఎనిమిదిన్నర దాటితే ఉక్కపోతకి మనమే పారిపోతాం. తూర్పు ఒడ్డున చేరి పడమటి వైపు చూడండి. ఎండ మొహాన కొడుతుంటే ప్రతి బాతూ నల్ల మచ్చలాగే కనిపిస్తుంది.

బైనాక్యులర్ కొనేట్టయితే 8×42 చాలు, అంటే 8 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 20 రెట్లంటూ అమ్మేవి చేతిలో వణికి చిరాకు తెప్పిస్తాయి.

ఇప్పుడు అసలు పని, కూర్చోవడం. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు, గట్టు పొడుగునా నడుస్తూ ఉంటే మీకంటే ముందు పిట్టలు లేచిపోతాయి. ఒక చెట్టు నీడన అరగంట కదలకుండా ఉంటే అవే దగ్గరికొస్తాయి. ముందు దగ్గరి గడ్డి, తర్వాత బురద, ఆఖర్న నడి నీళ్లు చూడండి. ముడసర్లోవలో నీళ్ల మీద తేలే 2 మెగావాట్ల సోలార్ ప్లాంట్ ఉంది కదా, ఆ ప్యానెళ్ల అంచులు కూడా వదలొద్దు, నీటికాకులకి రెక్కలు చాపి ఆరబెట్టుకోడానికి అలాంటి చోట్లే కావాలి, వాటి ఈకలు తడిసిపోతాయి మరి.

గుడ్డికొంగని బాగా గమనించండి, చలికాలమంతా మట్టిరంగు చారలతో ఉండేది ఈ సీజన్‌లో వీపంతా మెరూన్ అయిపోతుంది, కొత్తవాళ్లు వేరే పిట్టేమో అనుకుంటారు. పశువుల వెంట తిరిగే తెల్లకొంగకి తల, మెడ నారింజ రంగెక్కుతాయి. గార్గనీ బాతుల్లో మగదానికి కంటి మీద పొడుగ్గా తెల్ల గీత ఉంటుంది. నల్లగా ఉండి ముక్కూ నుదురూ తెల్లగా ఉంటే అది బాతు కాదు, బొల్లికోడి.

ఇంకోటి, తీతువు మీ తల మీద తిరుగుతూ ఒకటే అరుస్తోందంటే దాని గుడ్లు దగ్గర్లోనే నేల మీదే ఉన్నట్టు, రాళ్లలో కలిసిపోయి కనపడవు, వచ్చిన దారినే బేగి వెనక్కి వచ్చేయండి. ఫొటో కోసం ఫోన్‌లో పిట్ట కూతలు ప్లే చెయ్యడం కూడా వద్దు.

ఏ పిట్టలు ఎన్ని చూశారో రాసుకునే ఈబర్డ్ యాప్‌లో అక్కడికక్కడే ఎక్కించండి, ఫ్రీయే. మెర్లిన్ యాప్ కూత విని పేరు చెప్తుంది గానీ కంటితో చూసి సరిపోల్చుకున్నాకే రాయండి. గుంపు మరీ పెద్దదైతే ముందు పది పిట్టలు లెక్కపెట్టి అవి ఎంత మేర ఉన్నాయో చూసుకోండి, మిగతా గుంపు అలాంటివి ఎన్ని ముక్కలవుతుందో కంటితో కొలిస్తే చాలు, ఉజ్జాయింపు లెక్క వచ్చేస్తుంది.