నడక చదవడం, 3వ పాఠం: మలుపు దగ్గర చూడండి

పోయిన పాఠంలో ఇంట్లో పెద్దవాళ్ళ నాలుగు మీటర్ల నడక కొలిచాం కదా, ఐదు సెకన్లు దాటితే, అంటే సెకనుకు 0.8 మీటర్ల కన్నా తగ్గితే, పట్టించుకోవాలనుకున్నాం. ఈసారి మలుపు. తిన్నగా నడిచేటప్పుడు చాలామంది బాగానే ఉంటారు, తేడా బయటపడేది వెనక్కి తిరిగేటప్పుడే.

కావలసింది చేతులున్న కుర్చీ, ఫోన్‌లో స్టాప్‌వాచ్. టేపు కూడా అక్కర్లేదు, మన అపార్ట్‌మెంట్లలో రెండడుగుల టైల్స్ ఐదు లెక్కపెడితే పదడుగులు, దాదాపు మూడు మీటర్లు. కుర్చీలోంచి లేచి, అక్కడిదాకా మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి. 1991 నుంచి డాక్టర్లు వాడుతున్న పరీక్షే ఇది, టైమ్డ్ అప్ అండ్ గో అంటారు. 12 సెకన్లు, అంతకు మించి పడితే, పడిపోయే ముప్పు ఉన్నట్టు. రోజూ వేసుకునే చెప్పులే వేసుకోనివ్వండి, చేతికర్ర ఉంటే అదీ ఉండనివ్వండి, పక్కన మాత్రం ఒకరు నిలబడాలి.

అంకె రాసుకుని ఆగిపోతే సగమే చదివినట్టు. మా నాన్నకు పదకొండు సెకన్లే వచ్చిందని నేను సంబరపడ్డాను. రెండోసారి వీడియో తీసి చూస్తే, తిరిగేచోట ఆరేడు చిట్టి అడుగులు వేస్తున్నారు, తల, భుజాలు, నడుం అన్నీ కలిసి స్తంభాన్ని తిప్పినట్టు తిరుగుతున్నాయి, కుడి చెయ్యి అసలు ఊగడమే లేదు. ఆ చేతికి మేం ఆర్నెల్లుగా భుజం నొప్పని నూనె రాస్తున్నాం! కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు పార్కిన్సన్స్‌లో ఒక చెయ్యి ఊగడం తగ్గడం తొలిదశలోనే కనిపించవచ్చు, అయితే నిజంగా భుజం పట్టేసినా అలాగే ఉంటుంది. జబ్బు పేరు మనం పెట్టొద్దు, వీడియో న్యూరాలజిస్టుకు, అంటే నరాల డాక్టరుకు చూపిద్దాం.

ఇంకోటి ఇందిరా పార్కులో చెయ్యండి. పక్కన నడుస్తూ ‘పొద్దున టిఫిన్ ఏం తిన్నావు’ అని అడగండి. జవాబు చెప్పడానికి నడక ఆపేస్తున్నారా? అలా ఆగేవాళ్ళు తర్వాతి ఆరు నెలల్లో ఎక్కువగా పడిపోయారని 1997లో స్వీడన్ పరిశోధకులు రాశారు. మన ఫుట్‌పాత్‌ల మీద మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, అక్కడ కుర్రాళ్ళు కూడా ఆగి ఆగే నడుస్తారు.

నడక ఉన్నట్టుండి మారినా, మాట ముద్దగా వచ్చినా, వీడియోలొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

ఈ వారం ఇంటిపని: ముందు నుంచి ఒక వీడియో, పక్క నుంచి ఒకటి, పాదాలు కనిపించాలి. వచ్చే పాఠంలో, ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే తూలేవాళ్ళ గురించి, విటమిన్ బి12 గురించి.