మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాక ఏవి కొనాలి, వేటికి డబ్బులు పెట్టక్కర్లేదు

మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకునే కెమెరా కొనడానికి షాపుకెళ్తే బిల్లు కొట్టే ముందు అడిగే మాట ఒకటే, "సార్ కాంబో వేసేయమంటారా" అని. ఆ కాంబోలో ఒక బ్యాగు, ఫోన్లకి సరిపోయే చిన్న ట్రైపాడ్, ఎప్పుడూ పేరు వినని కంపెనీ యూవీ ఫిల్టరు (లెన్స్ ముందు బిగించే గాజు), 32 జీబీ కార్డు, లెన్స్ తుడిచే గుడ్డ, స్క్రీన్ గార్డు ఉంటాయి, అన్నీ కలిపి చూస్తే చవకే కదా అనిపిస్తుంది గానీ కొన్నాళ్లు పోయాక కూడా మీరు వాడేది ఆ గుడ్డ, ఆ స్క్రీన్ గార్డు అంతే. అందుకే కాంబో వద్దని చెప్పేసి ఆ డబ్బులతో ఒక వరసలో కొనుక్కోండి. లేకపోతే షూటే ఆగిపోయేవి ముందు, కెమెరా పాడవకుండా కాపాడేవి తర్వాత, మిగతావన్నీ మీరు ఏం తీస్తారో మీకే ఒక క్లారిటీ వచ్చాక.

కొనే ముందు ఒక పని చేయండి. మీ కెమెరా మాన్యువల్ పీడీఎఫ్ కంపెనీ సైట్‌లో ఫ్రీగానే ఉంటుంది, అందులో చూసి బ్యాటరీ మోడల్ ఏంటి, కార్డు స్లాట్ యూహెచ్ఎస్-1 ఆ 2 ఆ (కార్డు స్పీడు రకం అది), మైక్ జాక్ ఉందా, పైన ఫ్లాష్ పెట్టే షూ ఏ రకం అని ఫోన్‌లో నోట్ చేసుకోండి. లెన్స్ ఫిల్టర్ సైజు మాత్రం లెన్స్ మీదే, సున్నాకి అడ్డగీత కొట్టినట్టుండే గుర్తు పక్కన ఉంటుంది. ఇంత చేస్తే సగం తప్పుడు ఆర్డర్లు ఆగిపోతాయి.

ఇక బ్యాటరీ. డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండే కెమెరా, వాడి వచ్చినవాళ్లకి ఇక్కడే షాక్ తగుల్తుంది. అందులో అద్దంలోంచి చూసేవాళ్లం కాబట్టి కరెంటు పెద్దగా ఖర్చయ్యేది కాదు, ఇందులో సెన్సర్, స్క్రీన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాయి, మీరు ఫోటో తీసినా తీయకపోయినా ఛార్జింగ్ దిగిపోతూనే ఉంటుంది. నికాన్ డీ5600కి కంపెనీ లెక్క ప్రకారం ఒక ఛార్జికి 970 ఫోటోలు, అదే కెనాన్ ఆర్50కి స్క్రీన్ చూస్తూ తీస్తే 370, సోనీ ఏ6400కి 410. ఈ లెక్కలు ఒక స్టాండర్డ్ టెస్టులోవి, బర్స్ట్ (బటన్ నొక్కి పట్టుకుని వరసగా ఫోటోలు) కొడితే ఇంకా ఎక్కువే వస్తాయి, కానీ వీడియో తీసినా, వైఫై ఆన్‌లో పెట్టి ఫోన్‌కి పంపించుకుంటున్నా తేడా కొట్టేస్తుంది. డిసెంబర్‌లో లంబసింగి మంచు తీయడానికి తెల్లవారుజామున వెళ్తే చలికి ఇంకాస్త త్వరగా పడిపోతుంది, స్పేర్ బ్యాటరీ ప్యాంటు జేబులో ఒంటి వేడి తగిలేలా పెట్టుకుంటే నయం.

సో, ఫోటోలకైతే ఒక స్పేర్, ఫంక్షన్లకీ వీడియోలకీ అయితే రెండు. ఒరిజినల్ రేటు చూస్తే గుండె ఆగుతుంది కాబట్టి వేరే కంపెనీవి కొనొచ్చా అంటే కొనొచ్చు, నేను మాత్రం ఒకటి ఒరిజినల్ ఉంచుకుని స్పేర్లు మంచి పేరున్న బయటి కంపెనీవి తీసుకోమంటాను. మీ బ్యాటరీ సైజులోనే ఉండి ఒరిజినల్ కంటే రెట్టింపు ఎంఏహెచ్ అని రాసినవి ఉంటాయి చూడండి, వాటి జోలికి పోకండి, అంత చిన్న డబ్బాలో అంత కెపాసిటీ ఎక్కణ్ణుంచి వస్తుంది. వాడుతుండగా ఉబ్బినట్టు అనిపించినా, స్లాట్‌లోంచి బిగుసుకుని వస్తున్నా వెంటనే పక్కన పడేయండి, లోపల ఇరుక్కుపోతే సర్వీస్ సెంటర్ ఖర్చు. ఇప్పుడు చాలా కెమెరాలతో విడిగా ఛార్జర్ ఇవ్వట్లేదు, కేబుల్ పెట్టి కెమెరాలోనే ఛార్జ్ చేసుకోవాలి, అంటే బ్యాటరీ ఛార్జ్ అవుతున్నంతసేపూ కెమెరా కట్టేసినట్టే. అందుకని రెండు బ్యాటరీలు ఒకేసారి పెట్టే డ్యుయల్ ఛార్జర్ కూడా తీసుకోండి.

పెళ్లిళ్లలో ఒకే చోట పెట్టి గంటలు గంటలు రికార్డ్ చేసేవాళ్లకి, లైవ్ పెట్టేవాళ్లకి పవర్‌బ్యాంక్ మంచి ఆప్షన్. కానీ మీ కెమెరా ఆన్‌లో ఉన్నప్పుడు కూడా యూఎస్‌బీ నుంచి పవర్ తీసుకుంటుందా, ఆఫ్ చేస్తేనే ఛార్జ్ అవుతుందా అనేది మాన్యువల్‌లో చూసుకోవాలి, కొన్ని కెమెరా బాడీలకి పీడీ (పవర్ డెలివరీ, ఎక్కువ పవర్ ఇచ్చే యూఎస్‌బీ పద్ధతి) సపోర్ట్ ఉన్న పవర్‌బ్యాంకే కావాలి. అది కుదరకపోతే డమ్మీ బ్యాటరీ అని దొరుకుతుంది, బ్యాటరీ ఆకారంలోనే ఉండి వైరు బయటికి వస్తుంది, దాన్ని ప్లగ్‌కి పెట్టేయడమే. ఇంకోటి, ఫ్లైట్ ఎక్కేటప్పుడు స్పేర్ బ్యాటరీలు చెకిన్ బ్యాగులో వేయకూడదు, క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోవాలి, టెర్మినల్స్‌కి ఏ తాళాలో తగలకుండా క్యాప్ పెట్టి.

మెమరీ కార్డు దగ్గర జనాలు డబ్బులు రెండు రకాలుగా పోగొట్టుకుంటారు, మరీ చవకది కొని, లేదా అవసరం లేనంత ఖరీదైనది కొని. కార్డు మీద పెద్ద అక్షరాల్లో 200 ఎంబీ అని కనపడేది రీడ్ స్పీడు, అంటే కంప్యూటర్లోకి కాపీ చేసేటప్పుడు వచ్చేది, అది కూడా ఆ కంపెనీ కార్డ్ రీడర్ ఉంటేనే. మీకు కావాల్సింది చిన్నగా రాసి ఉండే వీ30, వీ60, వీ90 అనే గుర్తు. వీ30 అంటే సెకనుకి 30 మెగాబైట్లకి తగ్గకుండా రాస్తుందని గ్యారంటీ. ఇప్పుడు సోనీ జెడ్‌వీ-ఈ10 తీసుకోండి, దాని 4కే వీడియో గరిష్ఠంగా 100 ఎంబీపీఎస్, అది మెగాబిట్లు, 8తో భాగిస్తే సెకనుకి 12.5 మెగాబైట్లు. వీ30 కార్డుకి అది చాలా తేలిక, 64 జీబీ కార్డులో దాదాపు 80 నిమిషాలు పడుతుంది. వీ90 కొంటే ఆ వీడియో క్వాలిటీ ఇసుమంత కూడా పెరగదు.

స్లాట్ సంగతి కూడా అంతే. జెడ్‌వీ-ఈ10, ఏ6400, ఆర్50, నికాన్ జెడ్30 వీటన్నిటిలో స్లాట్ యూహెచ్ఎస్-1, వీటిలో యూహెచ్ఎస్-2 కార్డు పెడితే పనిచేస్తుంది గానీ యూహెచ్ఎస్-1 స్పీడులోనే పనిచేస్తుంది. కార్డు వెనక్కి తిప్పితే పిన్నులు రెండు వరసలుంటే యూహెచ్ఎస్-2, ఒకటే వరసుంటే 1. వీ60, వీ90 ఎప్పుడు కావాలంటే ఆల్ ఇంట్రా లాంటి బరువైన కోడెక్‌లు (వీడియోని కుదించి దాచే పద్ధతులు) వాడినప్పుడు, లేదా స్లాట్ యూహెచ్ఎస్-2 ఉన్న బాడీలో రా (ప్రాసెస్ చేయని పెద్ద ఫోటో ఫైళ్లు) బర్స్ట్‌లు కొట్టినప్పుడు. కొల్లేరు దగ్గర అటపాక వెళ్లి పెలికాన్లు ఎగిరేటప్పుడు పది పదిహేను ఫ్రేములు వరసగా కొట్టేసి కెమెరా ఆగిపోయి బఫర్ (కార్డుకి ఎక్కేలోపు ఫోటోలు ఆగే కెమెరా మెమరీ) ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసేవాళ్లకి ఆ బాధ తెలుసు, వాళ్లు పెట్టొచ్చు డబ్బులు.

256 జీబీ ఒకటి కొనే బదులు 64వో 128వో రెండు కొనండి, ఒకటి చచ్చినా పెళ్లంతా పోదు, ఎందుకంటే ఈ రేంజ్ కెమెరాలకి రెండో స్లాట్ ఉండదు. నకిలీ కార్డులు కూడా గట్టిగానే తిరుగుతున్నాయి, పెద్ద కంపెనీ ప్యాకింగ్‌లోనే వస్తాయి, కెమెరాలో పెడితే 128 జీబీ అనే చూపిస్తాయి కూడా, నిండుతున్నకొద్దీ అసలు రంగు బయటపడుతుంది. కార్డు రాగానే, రిటర్న్ టైమ్ అయిపోకముందే కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఫ్రీ టూల్‌తో, మ్యాక్, లినక్స్‌లో అయితే ఎఫ్3తో కార్డు మొత్తం నింపి చెక్ చేయండి, టైమ్ పడుతుంది కానీ రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతుంది. ఆ తర్వాత ఫార్మాట్ మాత్రం కెమెరాలోనే చేయండి.

షూట్ ఆపేవి ఈ రెండే. ఇప్పుడు కెమెరాని కాపాడేవి, ఇవి చవక కూడా.

మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీయగానే సెన్సర్ ఎదురుగా కనపడుతుంది, మధ్యలో అద్దం లేదు, చాలా బాడీల్లో షట్టర్ కూడా తెరిచే ఉంటుంది. కాబట్టి లెన్స్ మార్చేటప్పుడు కెమెరా నోరు కిందికి పెట్టి మార్చాలి, రబ్బరు బ్లోయర్ ఒకటి బ్యాగులో ఉండాలి. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి, కంప్యూటర్లు శుభ్రం చేసే గాలి క్యాన్లు అసలే వద్దు. కొన్ని మోడల్స్‌లో ఆఫ్ చేయగానే షట్టర్ మూసుకుంటుంది, బాగుందనిపిస్తుంది గానీ ఆ పొరలు చాలా పల్చగా ఉంటాయి, వేలు తగలకూడదు, గాలి గట్టిగా కొట్టకూడదు. బ్లోయర్‌కి పోని మరకలుంటే ఆకాశం వైపు ఎఫ్16లో (లెన్స్ రంధ్రం బాగా మూసే సెట్టింగ్, ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) ఒక ఫోటో తీసి చూడండి, నల్లచుక్కలు కనపడితే మొదటిసారి సర్వీస్ సెంటర్లోనే చేయించుకుని ఎలా చేస్తున్నారో చూసి నేర్చుకోండి.

కోస్తాలో ఉండేవాళ్లకి, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు, ఫంగస్ అసలు శత్రువు. వానాకాలంలో బీరువాలో బ్యాగుతో సహా పెట్టేసి రెండు నెలలు మర్చిపోతే లెన్స్ లోపల సాలెగూడులా పట్టేస్తుంది, ముదిరితే కోటింగ్ తినేస్తుంది. దీనికి వేలు పోసి డ్రై క్యాబినెట్టే కొనక్కర్లేదు, వంటింట్లో వాడే గాలి చొరబడని మూత డబ్బా పెద్దది ఒకటి, సిలికా జెల్ ప్యాకెట్లు, తేమ చూపించే చిన్న మీటరు చాలు. మీటర్ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకోండి, 60 దాటితే జెల్ మార్చే టైమ్ వచ్చినట్టు. నీలం గింజలు తేమ పీల్చాక గులాబీ రంగులోకి తిరుగుతాయి, సన్నటి సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి, తిండి వండే గిన్నెలో మాత్రం వేయకండి. లెన్సులు మూడు నాలుగు అయ్యాక క్యాబినెట్ ఆలోచించొచ్చు.

యూవీ ఫిల్టర్ పెట్టాలా వద్దా అని గొడవ ఎప్పటికీ తెగదు. నా లెక్క ఇది, సముద్రం ఒడ్డున ఉప్పు తుంపర్లు, హోలీ రంగులు, నిమజ్జనంలో గులాల్, వీటికి పెట్టండి, మిగతా రోజుల్లో తీసేసి హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం లాంటి కప్పు) పెట్టుకోండి. హుడ్ ఎండ అడ్డుకుంటుంది, ఎక్కడైనా గుద్దుకున్నా దెబ్బ అదే తింటుంది. కెనాన్ అయితే ఎల్ సిరీస్ (ఖరీదైన రకం) కాని లెన్సులకి హుడ్ బాక్స్‌లో ఇవ్వదు, విడిగా కొనాలి. చవక యూవీ ఫిల్టర్ పెట్టుకుని దీపావళి దీపాలు తీసి చూడండి, ఒక్కో దీపానికీ పక్కన ఒక దెయ్యం దీపం వస్తుంది.

అసలు పనికొచ్చే ఫిల్టర్లు రెండు, సీపీఎల్ (తిప్పే పోలరైజర్), ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ముదురు గాజు). సీపీఎల్ తిప్పితే నీళ్ల మీద, ఆకుల మీద మెరుపు పోతుంది, ఆకాశం ముదురుతుంది, ఈ ఎఫెక్ట్ ఎడిటింగ్‌లో తెప్పించడం కష్టం, ఎందుకంటే మెరుపు కింద ఉన్నది అసలు రికార్డే అవ్వలేదు. వీడియోకి ఎన్‌డీ కావాలి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెడితే ట్యూబ్‌లైట్ల కింద ఫ్లికర్ రాదు, కదలిక కూడా నేచురల్‌గా ఉంటుంది. అదే సెట్టింగ్‌తో మిట్టమధ్యాహ్నం బయటికొచ్చారంటే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే లెక్క) 100లో కూడా ఎఫ్22 దాకా మూయాలి, మీకేమో వెనక బ్లర్ కోసం ఎఫ్2.8 కావాలి. మధ్యలో తేడా 6 స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగం అవుతుంది), అంటే 64వ వంతు వెలుతురే లోపలికి వదిలే ఎన్‌డీ64. లాగ్ ప్రొఫైల్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి తీసే పేలవమైన వీడియో సెట్టింగ్) వాడితే కనీస ఐఎస్ఓనే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇంకా ముదురుది కావాలి. తిప్పితే ముదిరే వేరియబుల్ ఎన్‌డీ సుఖం, కాకపోతే వైడ్ లెన్స్ మీద చివరిదాకా తిప్పితే ఫ్రేములో ఎక్స్ ఆకారంలో నల్లమచ్చ వస్తుంది. కుంటాల, బొగత జలపాతాల్లో నీళ్లు పాలలా రావాలన్నా ఎన్‌డీనే, దాంతో పాటు ట్రైపాడ్ తప్పదు.

సైజు విషయం. సోనీ 16-50 పాత కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చేది) 40.5 ఎంఎం, నికాన్ జెడ్ 16-50 అయితే 46, కెనాన్ 18-45 అయితే 49, అదే కెనాన్ 50 ఎంఎం ఎఫ్1.8 అయితే 43. ప్రతి లెన్స్‌కీ ఒక ఫిల్టర్ కొంటే జేబు ఖాళీ, అందుకని 67 ఎంఎంలో ఒక మంచి ఫిల్టర్ కొని చిన్న లెన్సులకి దాన్ని బిగించే స్టెప్-అప్ రింగులు వాడండి. రింగు పెట్టినప్పుడు హుడ్ పట్టదు, అదొక్కటే ఇబ్బంది.

ట్రైపాడ్‌కి ఎత్తు చూసి పడిపోకండి, మధ్య రాడ్ పైకి లాగకుండా ఎంత ఎత్తు వస్తుందో అది చూడండి, రాడ్ లాగితే గాలికి ఊగుతుంది. ఏ6400 కిట్ లెన్స్‌తో కలిపి అరకేజీ పైచిలుకు అంతే, కాబట్టి ఐదారు కిలోలు మోస్తుందని చెప్పే మామూలు ట్రైపాడ్ చాలు. పైన కెమెరా పెట్టే హెడ్ ఫోటోలకి బాల్ హెడ్ (ఎటైనా తిరిగేది), వీడియోకి ఫ్లూయిడ్ హెడ్ (కుదుపు లేకుండా మెల్లగా తిరిగేది), రెండింటికీ ఒకటే అని అమ్మేది రెండింటికీ అంతంతమాత్రం. కెమెరా కింద బిగించే ప్లేటు ఆర్కా స్విస్ టైపు (చాలా కంపెనీలు వాడే ఆకారం) అయితే రేపు పోయినా ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుంది. రిమోట్ కొనకండి, 2 సెకన్ల టైమర్ ఉంది, కంపెనీ యాప్ ఉంది.

మాటలున్న వీడియో అయితే లెన్స్ కంటే ముందు మైక్. కెమెరా మీద పెట్టే మైక్ అయినా మనిషికి దూరమైతే గది మోతే వినపడుతుంది, కాలర్‌కి పెట్టే వైర్డ్ మైక్ చవకది దానికంటే మేలు. ఫోన్ల కోసం చేసిన మైక్ పిన్నుకి మూడు గీతలుంటాయి, కెమెరాకి రెండు గీతలది కావాలి, కలవకపోతే అడాప్టర్ కేబుల్ ఉంటుంది.

ఫ్లాష్ కొనేటప్పుడు కంపెనీతో పాటు ఏ కెమెరాకి చేసిందో చూడాలి. గోడాక్స్ వాటిల్లో మోడల్ పేరు చివర సీ అంటే కెనాన్, ఎన్ అంటే నికాన్, ఎస్ అంటే సోనీ, ఎఫ్ అంటే ఫుజీ. ఆర్50లో కొత్త రకం షూ ఉంది, మామూలు ఫ్లాష్ నేరుగా పెడితే వెలగదు, ఏడీ-ఈ1 అడాప్టర్ కావాలి, ఈ సంగతి పెళ్లి ముందు రోజు తెలిస్తే కష్టం.

బ్యాగు అన్నిటికంటే చివర, మీ సామాను ఎంతో తేలాకే. బండి మీద తిరిగేవాళ్లకి వెనక తగిలించుకునేది, కొనేటప్పుడు మీ సామానంతా షాపుకి పట్టుకెళ్లి అందులో సర్ది చూడండి, అడుగున జిప్పులో రెయిన్ కవర్ ఉందో లేదో కూడా.