ఎల్లోస్టోన్‌లో పప్పన్నం

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు లోపలి లాడ్జి గదుల్లో వంటగది ఉండదు. వండుకుని తినాలంటే క్యాంప్‌సైటు బుక్ చేసుకోవాలి, లేదా వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో వంటిల్లున్న గది వెతుక్కోవాలి. నా ఓటు క్యాంప్‌సైటుకే.

రైస్ కుక్కర్ సంగతి మర్చిపోండి, టెంటు దగ్గర కరెంటు ఉండదు. చిన్న గ్యాస్ స్టవ్, మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ చాలు. వేడినీళ్లు పైకి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ బుగ్గ దగ్గర ఎత్తు 2,200 మీటర్లకు పైనే. అక్కడ నీళ్లు 93 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతకీ మెత్తబడదు. కుక్కర్‌లో కూడా ఇంటి దగ్గరకంటే రెండు కూతలు ఎక్కువ రానివ్వండి. పోపు డబ్బా వద్దు. ఇంట్లోనే పులిహోర పులుసు కాచి సీసాలో పోసుకెళితే వేడన్నంలో కలుపుకోవడమే.

తిన్న వెంటనే ఆవకాయ, నెయ్యి, ఎంగిలి గిన్నెలు, ఆఖరికి టూత్‌పేస్టు కూడా క్యాంప్‌సైటులోని ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయండి. ఎలుగుబంటికి మన ఇంగువ వాసన కూడా పిలుపే! గిన్నెలు కడిగిన నీళ్లు చెట్ల మొదట్లో పారబోయకూడదు, దానికి వేరే సింకు ఉంటుంది.

ఒక్క పూట మాత్రం 1904లో తెరిచిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ హోటల్లో తినండి, ఆ దుంగల హాలు చూడ్డానికైనా. రాత్రి భోజనానికి బల్ల ముందే చెప్పుకోవాలా అన్నది కనుక్కోండి.

వేడినీటి బుగ్గల్లో వంట నిషేధం. 2020లో కోళ్లు ఉడకబెట్టబోయినవాళ్లు జరిమానా కట్టారు.