యులిసెస్ మూడో అధ్యాయం దగ్గర ఆగిపోతున్నారా?

ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ నవల 'యులిసెస్' (1922) పట్టుకున్నవాళ్లు చాలామంది మూడో అధ్యాయంలోనే పుస్తకం మూసేస్తారు. ఇదివరకే చదివినవాళ్లు ఒకరు తోడుంటే ఇలా చేసి చూడండి.

ముందు నాలుగో అధ్యాయం చదవండి. ఒకటోది, నాలుగోది రెండూ 1904 జూన్ 16 ఉదయం ఎనిమిదింటికే మొదలవుతాయి, కాబట్టి కథ తెగదు. కథానాయకుడు బ్లూమ్ పిల్లికి పాలు పోస్తాడు, కిడ్నీ కొనుక్కొచ్చి పెనం మీద మాడుస్తాడు. మనిషి ఇట్టే దగ్గరవుతాడు. ఒక్కసారికి రెండు పేజీలు చాలు. తెలిసినవాళ్లు పైకి చదవాలి, మీరు పెన్సిల్ పట్టుకోవాలి. జాయిస్ కొటేషన్ గుర్తులు వాడడు, పైకి అన్న మాట ముందు ఒక గీత ఉంటుంది. గీత లేని వాక్యం రాగానే ఆపి, ఇది కథ చెప్పేవాడి మాటా, బ్లూమ్ మనసులోదా అని అడిగి, మనసులోదైతే కింద గీయండి. వివరణలు మాత్రం పేజీ అయ్యాకే, ముందే వింటే చదవబుద్ధి కాదు. ఆ అధ్యాయం అయ్యాక ఒకటోదానికి వెళ్లండి.

పదిహేనో అధ్యాయం నాటకంలా ఉంటుంది, పద్దెనిమిదోది మొత్తం బ్లూమ్ భార్య మోలీ ఆలోచనే, ఫుల్‌స్టాపులు దాదాపు ఉండవు. అక్కడ పెన్సిల్ పనికిరాదు, పక్కన పెట్టేసి వింటూ పోండి.