ఎండాకాలం ఇల్లు ఉడికిపోతోందా? ముందు గోడ మీద చెయ్యి పెట్టి చూడండి

అనంతపురం, కడప వైపు మార్చి దాటిందంటే ఇంట్లో ఏసీ మాట మొదలవుతుంది. కొనేముందు ఒక పని చేయండి. రాత్రి తొమ్మిదింటికి ఇల్లంతా తిరిగి ప్రతి గోడనూ తాకండి. స్టూలెక్కి స్లాబు దగ్గరగా చెయ్యి పెట్టండి. వేడి ఎటునుంచి వస్తోందో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది.

సమస్య: రాత్రి పదకొండైనా పైకప్పు సెగ తగ్గదు, ఫ్యాను వేస్తే వేడిగాలే

కారణం: ఏప్రిల్ ఆఖర్లో మధ్యాహ్నం సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండంతా మిద్దె మీదే పడుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు పగలంతా తాగిన వేడిని సాయంత్రం నుంచి ఇంట్లోకి వదులుతుంది.

పరిష్కారం: వేడిని స్లాబు పైనే ఆపాలి. అన్నిటికన్నా చవక సున్నం. మిద్దె కడిగి, కాస్త తడిగా ఉన్నప్పుడే, చల్లపూట, జిగురు కలిపిన సున్నం రెండు మూడు పూతలు వేయండి. దుమ్ముకీ వానకీ తెలుపు తగ్గిపోతుంది కాబట్టి ఏటా ఉగాది లోపు మళ్ళీ వేయాలి. ఖర్చు పెట్టగలిగితే తెల్ల టైల్స్ ముక్కలు పరిపించండి, చాలా ఏళ్ళు ఉంటాయి. పందిరి ఇంకా మంచిది, కానీ పందిరికీ స్లాబుకీ మధ్య గాలి ఆడేలా కనీసం రెండు మూడు అడుగుల ఖాళీ ఉండాలి.

సమస్య: సాయంత్రం ఒక్క గదే భరించలేనంత వేడి

కారణం: దాదాపు ఎప్పుడూ పడమటి గోడే. మధ్యాహ్నం తర్వాత ఎండ ఏటవాలుగా వచ్చి గోడంతా కాలుస్తుంది. ఆ ఎండకు సజ్జ అడ్డురాదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. గోడ పక్కన నేలంతా నల్ల కడప బండలు పరిచి ఉంటే, అవి కాగి ఆ సెగనూ గోడకే కొడతాయి. అదే బండ ఇంట్లో నేల మీద ఎంత చల్లగా ఉంటుందో మనకు తెలుసు. ఎండలో పరిస్తే మాత్రం పెనమే.

పరిష్కారం: ఈ ఏటికి గోడకు జానెడు దూరంలో వెదురు తడిక కట్టండి. పక్కనున్న బండలు తీసేసి మట్టి వదిలి మొక్కలు వేయండి. వచ్చే ఏళ్ళ కోసం పన్నెండు పదిహేను అడుగుల దూరంలో వేపో కానుగో నాటండి.

సమస్య: కిటికీలన్నీ తెరిచినా ఉక్క

పగలు తెరవడమే కారణం. నలభై డిగ్రీల గాలిని మనమే లోపలికి పిలుస్తున్నాం. పొద్దున ఎనిమిదికల్లా మూసి, పొద్దుగూకి బయట చల్లబడ్డాక ఎదురెదురుగా రెండు తెరవండి. పాత మిద్దెల్లో గవాచి, అంటే పైకప్పులో వదిలిన కన్నం, ఉండేది ఇందుకే: పైకి చేరిన వేడిగాలి అందులోంచి పోయేది. కొత్త ఇంట్లో పైకప్పు కిందే గోడకు చిన్న వెంటిలేటర్లు పెట్టించినా ఆ పని జరుగుతుంది.

సమస్య: మట్టిగోడ అడుగున ఉబ్బి, పెచ్చులూడుతోంది

కారణం: దీని మీద గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మంచి ఇళ్ళు దీనివల్లే కూలిపోతున్నాయి. అడుగున్నర మందం మట్టిగోడ పగటి వేడిని లోపలికి చేరనివ్వదు. అది నేలలోంచి కాస్త తడి పీల్చుకుంటుంది, తిరిగి గాలికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది. వేలితో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. దీనికి తోడు వీధిలో సిమెంటు రోడ్డు ఏటికేడు ఎత్తు పెరిగి, వాననీళ్ళు గోడ మొదట్లోనే నిలుస్తాయి.

పరిష్కారం: ముందు నీళ్ళను మళ్ళించండి. గోడ వెంట కాలువ తీసి, బండలను బయటికి వాలుగా పేర్చండి. ఎండలు ఉన్నప్పుడే మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత రాలగొట్టి, గోడను పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత గడ్డి కలిపిన మట్టి, దాని మీద సున్నం. లేదా ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుకతో పూత వేసి వారం రోజులు తడిగా ఉంచండి. మేస్త్రీ సిమెంటు గట్టిదని పట్టుబడతాడు. ఒప్పుకోకండి.

సమస్య: మట్టి మిద్దె కారుతోంది

కారణం: పైన పోసిన చౌడు (ఉప్పు మట్టి) కొట్టుకుపోయి ఉంటుంది, లేదా గడ్డి వేళ్ళు దారి చేసి ఉంటాయి. చౌడు మట్టి తడవగానే దాని బంక రేణువులు విడిపోయి సందులన్నీ పూడుస్తాయి, నీళ్ళు కిందికి దిగవు. పెద్దలు ఏటా చౌడు తెచ్చి పోసింది అందుకే.

పరిష్కారం: వానలకు ముందే గడ్డిని వేళ్ళతో సహా పీకండి. చెడిన పొర గీకి తీసేశాకే కొత్త చౌడు పోసి దిమ్మిసతో కొట్టండి. పాతదాని మీదే పోస్తూ పోతే బరువంతా దూలాల మీద పడుతుంది. తూము వైపు వాలు ఉండాలి, తూము గోడకు దూరంగా నీళ్ళు వదలాలి. దూలాలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెదలు తిన్నట్టే, మట్టి పని ఆపి ముందు దూలం మార్చాలి.

సమస్య: కూలర్ పెడితే ఒళ్ళంతా జిడ్డు

తడిగాలి పోయే దారి లేక. కూలర్‌కు ఎదురుగా ఉన్న కిటికీ బెత్తెడు తెరవండి. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. వానలు మొదలై గాలిలో తేమ పెరిగితే నీళ్ళ పంపు ఆపేసి ఫ్యాను ఒక్కటే తిప్పండి.